నవోకి అడిగిన ప్రశ్న

చాండ్లర్,
నవంబర్ 19, 2006

ప్రియమైన రాజీకి,

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని విసుక్కోకు. ఫోన్లో నీకేదైనా చెబుతుంటే మా ఆయన పక్కగదిలోంచి ప్రతి మాటకీ సవరణ అందిస్తారు. వాల్తేరు హాస్టల్లో సెలవులిస్తే నీకు ఠావులకు ఠావులు రాసేదాన్ని కదా, అలా రాస్తేనే నాకు మనసులో మాట బయటికొస్తుంది.

అనుష్క పెళ్ళి చేసుకుంటోంది. టోక్యోలో ఇంగ్లీషు చెబుతానని రెండేళ్ళకని వెళ్ళిన పిల్ల, అక్కడే ఉండిపోతానంటోంది. అబ్బాయి పేరు నవోకి. పోయిన వారం ఇద్దరూ వచ్చి వెళ్ళారు. అతని ఉద్యోగమేమిటో చెబితే నువ్వు నవ్వుతావు. ఆట ఆడతాడు. షోగి అని, జపాన్ వాళ్ళ చదరంగం. మా ఆయన మొదటి రోజు భోజనాల దగ్గరే మొదలుపెట్టారు.

"అంటే హాబీ కాదు, జాబ్ అంటావు."

"జాబే నాన్నా. హీ ఈజ్ ఎ ప్రొఫెషనల్. ఆడినందుకు శాలరీ ఇస్తారు."

"హెల్త్ ఇన్సూరెన్స్ ఉందా?"

"జపాన్‌లో అందరికీ ఉంటుంది నాన్నా, ప్లీజ్!"

పాపం అతను ఏమీ అర్థం కాక పప్పన్నం వైపు చూసి నవ్వుతూ కూర్చున్నాడు. తర్వాత అనుష్క చెప్పింది. వాళ్ళ నాన్నది ఉత్తరాన సముద్రం పక్క ఊళ్ళో చేపల దుకాణం. ఇతను పన్నెండేళ్ళకే ఇల్లొదిలి టోక్యోలో గురువు దగ్గరికి వెళ్ళిపోయాడు. దేశం మొత్తంలో అలాంటి పిల్లల్ని పోగేసి ఏళ్ళ తరబడి ఆడిస్తారట. ఇరవై ఆరో ఏడు దాటేలోగా ప్రొఫెషనల్ కాలేకపోతే ఇంటికి పొమ్మంటారు. చిన్నప్పటి నుంచీ వేరే చదువూ లేదు, వేరే పనీ రాదు, అయినా పొమ్మంటారు. ఇతను ఇరవై మూడో ఏట గట్టెక్కాడు. ఒకే గదిలో అద్దెకున్న స్నేహితుడు గట్టెక్కలేదు. ఆ అబ్బాయి సామాను సర్దుకుంటుంటే అతని దుప్పటి మడతపెట్టి ఇచ్చానని నవోకి చెప్పాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచీ నాకు అతనంటే ఇష్టం పుట్టింది.

గట్టెక్కాక కూడా అయిదు తరగతులున్నాయట. ఏడాది పొడుగునా ఆడితే బాగా ఆడిన ఇద్దరో ముగ్గురో పై తరగతికి వెళతారు. అన్నిటికన్నా పై తరగతిలో పదిమందే. ఇతనిప్పుడు రెండో మెట్టు మీద ఉన్నాడు, వచ్చే మార్చికి మూడోది ఎక్కేలా ఉన్నాడు.

మా ఆయన ఆట నేర్పమని కూర్చున్నారు. నవోకి తన వైపు పెద్ద పావులన్నీ తీసి పక్కన పెట్టి ఆడాడు. అయినా ఈయన ఓడిపోయి, "ఇంకోటి!" అంటూ మధ్యాహ్నం దాకా లేవలేదు. మజ్జిగ ఇస్తే అతని ఎడమచేతిలోంచి గ్లాసు జారి కొత్త కార్పెట్ పాడయింది. కాళ్ళమీద పడబోయాడు, అంత మర్యాద. మర్నాడూ అంతే, కాఫీ కప్పు. మా ఇంట్లో గ్లాసులకీ కప్పులకీ మూడిందిలే అని నవ్వుకున్నాం.

జనవరిలో అక్కడే రిజిస్టర్ పెళ్ళి. ఎండలు ముదరకముందే ఇక్కడ రిసెప్షన్ పెడతాం. నువ్వూ ఆంజనేయప్రసాద్ గారూ రాకపోతే ఊరుకోను.

నీ
భాను

*

మోరిస్‌విల్,
డిసెంబర్ 3, 2006

భానూ,

ముందుగా అల్లుడొస్తున్నందుకు సంతోషం. ధర్మారావు గారికి చెప్పు, ఆట ఆడి బతకడం ఎలాంటి ఉద్యోగమో నాకూ తెలియదు గానీ, నలభై ఏళ్ళు తలనొప్పులు చూసి బతికిన నా ఉద్యోగం కన్నా సరదాగానే ఉండుంటుంది. ప్రాక్టీసు మానేసి మూడేళ్ళయినా ఆసుపత్రి వాసన నా చీరల్లోంచి పోలేదని ఈయన వేళాకోళం చేస్తున్నారు.

ఆ అలవాటుతోనే ఒకటి అడుగుతాను, కంగారుపడకు. గ్లాసూ కప్పూ రెండూ ఎడమచేతిలోంచే జారాయా? జారుతోందని అతనికి తెలిసిందా, కింద పడ్డ చప్పుడు విన్నాక తెలిసిందా? నడుస్తూ ఎడమ భుజం గుమ్మానికి తగిలించుకుంటాడా? అనుష్కని కనుక్కోమను. వీటిలో ఏది అవునన్నా తలకి స్కాన్ తీయించమను. రిసెప్షన్ దాకా ఆగొద్దు.

ఏమీ ఉండదు. ఉండదనే అనుకుంటున్నాను. అయినా తీయించమను.

నీ
రాజేశ్వరి

*

చాండ్లర్,
ఏప్రిల్ 22, 2007

రాజీ,

చప్పుడు విన్నాకే తెలిసిందన్నాడు.

గడ్డ ఉంది. తలలో కుడివైపు, పైన. మెల్లగా పెరిగే రకమని అక్కడి డాక్టర్లు చెప్పారు. తీసెయ్యమన్నారు. ఇతను ససేమిరా అన్నాడు. మార్చిలో మూడో తరగతికి వెళ్ళాడు, పేపర్లో ఫోటో వేశారు. ఇక రెండే మెట్లు. ఇప్పుడు ఒక ఏడాది ఆగితే మళ్ళీ ఈ ఊపు రాదంటాడు. అనుష్క ఏడ్చి, పోట్లాడి, చివరికి సెకండ్ ఒపీనియన్ అని చెప్పి ఫీనిక్స్ తీసుకొచ్చింది. ఇక్కడి సర్జన్ కూడా అదే మాట చెప్పాడు, తియ్యాలని. నవోకి ఆయన్ని ఒక్కటే అడిగాడు. ఆపరేషన్ అయ్యాక ఆడగలనా అని. ఆయన స్టాటిస్టిక్స్ చెప్పాడు. ఇతను వంగి నమస్కారం పెట్టి వచ్చేశాడు.

నిన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు. ఇప్పుడడుగుతున్నాను. టికెట్ బుక్ చేసుకుని రా. నీ మాటంటే అతనికి గురి. గ్లాసు సంగతి విని అంత దూరం నుంచి జబ్బు పట్టుకున్న డాక్టరమ్మ అని అతనికి చెప్పాం. నువ్వు ఒక్కమాట చెబితే చాలు. ఆపరేషన్ అయినా ఆటకేం కాదు, నాదీ హామీ అను. అది అబద్ధమైతే కానీ. ముందు ప్రాణం దక్కితే ఆ తర్వాత అతను నిన్నూ నన్నూ ఎన్ని తిట్టుకున్నా పడదాం. అనుష్కకి ఇరవై ఏడేళ్ళే రాజీ.

ఒక్క అబద్ధం. నాకోసం.

భాను

*

మోరిస్‌విల్,
మే 14, 2007

భానూ,

తిరిగొచ్చేటప్పుడు ఎయిర్‌పోర్ట్‌లో నన్ను దింపుతూ నువ్వు కారు దిగలేదు. డిక్కీ తెరిచి సూట్‌కేసు నేనే తీసుకున్నాను. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నువ్వు వంటింటి కిటికీలోంచి చూశావు గానీ వినలేదు.

పొద్దున్నే మీ పెరట్లో నారింజచెట్టు కింద కూర్చున్నాం. తనే కాయలు కోసి, తొక్కతీసి, తొనలు నా ముందు పెట్టాడు. నేను నువ్వు చెప్పమన్న మాటే చెబుదామనుకుని వచ్చాను, నమ్ము. విమానంలో దాన్ని ఇంగ్లీషులో కూర్చుకున్నాను కూడా.

అతను మొదలుపెట్టాడు. "నేను ఆడే బల్ల ఎదురుగా ఉండేది కాదు ఆంటీ. కళ్ళు మూసుకుంటే లోపల కనిపించేది. పన్నెండేళ్ళప్పటి నుంచీ ఉంది. ఇరవై ఎత్తుల తర్వాత ఏ పావు ఎక్కడుంటుందో అందులో చూస్తాను. డాక్టర్లు కత్తి పెడతామంటున్నది అది ఉన్నచోటే అనుకుంటాను. ఆపరేషన్ తర్వాత ఆ బల్ల నాకు ఇప్పటిలా కనిపిస్తుందా?"

నా మొహంలోకే చూస్తున్నాడు. ఎదుటివాళ్ళు ఏం దాస్తున్నారో కనిపెట్టడమే పనిగా బతికిన మనిషి. నలభై ఏళ్ళు నా ఎదురుగా కూర్చుని అలా అడిగినవాళ్ళు నాకు గుర్తొచ్చారు. కూర్చుకున్న మాట నోటికి రాలేదు.

"తెలియదు. కనిపించొచ్చు. కనిపించకపోవచ్చు," అన్నాను.

"చేయించుకోకపోతే?"

"కొన్నేళ్ళు బాగానే ఉంటావు. కానీ అది అలాగే ఉండిపోయే రకం కాదు. ఎప్పుడో ఒకప్పుడు చెడ్డదిగా మారుతుంది. మారాక మా చేతుల్లో ఉండదు. అందుకే ఇప్పుడే తీయించుకో అంటున్నాను. నా కొడుకైనా అదే చెబుతాను."

అదీ చెప్పాను భానూ. గట్టిగానే చెప్పాను. అతను తొక్కలన్నీ ఏరి చేతిలో పెట్టుకుని లేచి, "థాంక్యూ. ఇంతవరకు ఎవరూ తెలియదు అనలేదు. ఆడతాను," అన్నాడు.

నీకు కావలసింది నేను చెయ్యలేకపోయాను. ఆర్నెల్లకోసారి స్కాన్ మాత్రం మాననివ్వకండి. పెరిగినట్టు కనిపించిన రోజున అతన్ని అడగొద్దు, లాక్కొచ్చెయ్యండి.

నీ
రాజీ

*

చాండ్లర్,
జూన్ 2, 2007

రాజేశ్వరి గారికి,

మీ ఉత్తరం అందింది. నా కూతురూ అల్లుడూ టోక్యో వెళ్ళిపోయారు. ఈ నెల నుంచి అతని ఆటలు మొదలు.

మీరు నిజం చెప్పి మీ మనసు శుభ్రంగా ఉంచుకున్నారు. దాని ఖర్చు మా ఇంట్లో పడుతుంది. ఇకమీద నాకు రాయవద్దు.

భానుమతి

*

మోరిస్‌విల్,
సెప్టెంబర్ 27, 2009

భానూ,

రాయొద్దన్నావు. అయినా రాస్తున్నాను.

ఆంజనేయప్రసాద్ గారు పోయారు. పోయిన నెల పదో తారీకున. వాకింగ్ నుంచి వచ్చి షూస్ విప్పుకుంటూ గుమ్మం దగ్గర కూలబడ్డారు. పక్కనే ఉన్నాను, చెయ్యగలిగిందేమీ లేకపోయింది. మా ఉదయ్ చార్లెట్ నుంచి వచ్చి పదిరోజులున్నాడు, మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. గుడిలో కార్యక్రమం చేయించాం. ఇల్లు చాలా పెద్దదైపోయింది.

ఈయన నవోకి ఆటలు కంప్యూటర్లో వెతికి చూస్తుండేవారు. జపనీస్ రాకపోయినా గెలిస్తే తెల్ల చుక్క, ఓడితే నల్ల చుక్క అని కనిపెట్టారు. మార్చిలో నాలుగో తరగతికి వెళ్ళాడని ఈయనే చెప్పారు. "నీ స్నేహితురాలి అల్లుడు ఒక్క మెట్టు దూరంలో ఉన్నాడోయ్," అని సంబరపడ్డారు. ఇప్పుడా చుక్కలు నేను చూస్తున్నాను. ఈమధ్య నల్లవి ఎక్కువయ్యాయి. అందుకే భయంగా ఉంది. స్కాన్లు తీయిస్తున్నారా?

జవాబు రాయాలనిపించకపోతే మానెయ్. ఖాళీ కవరు పంపినా తీయించారనే అనుకుంటాను.

రాజీ

*

చాండ్లర్,
ఏప్రిల్ 28, 2013

రాజీ,

నవోకి పోయాడు. ఫిబ్రవరిలో. ఇక్కడే, మా ముందుగదిలో. పెరటి వైపు కిటికీ ఉందని మంచం అక్కడ వేయించాం.

ప్రసాద్ గారు పోయారని నువ్వు రాసిన ఉత్తరం నాకు అప్పుడే అందింది. దాని గురించి కాగితం మీద మాట్లాడలేను.

జరిగిందంతా నీకు చెప్పాలి. మొదట చెప్పకూడదనుకున్నాను. దాచిపెట్టి నీతో మళ్ళీ మామూలుగా ఉండలేను, అందుకని చెబుతున్నాను.

నల్లచుక్కలు ఎక్కువయ్యాయని రాశావు. నిజమే. నాలుగో తరగతికి వెళ్ళాక అతనికి బల్లమీద ఎడమవైపు అప్పుడప్పుడూ మాయమవడం మొదలైంది. ఎవరికీ చెప్పలేదు. స్కానుకి వెళ్ళొచ్చానని చెప్పి వెళ్ళేవాడు కాదు. 2010 అక్టోబర్లో ఆట మధ్యలో ఎడమచెయ్యి కొట్టుకుంటూ పక్కకి ఒరిగిపోయాడట. లేవగానే ఎదుటి ఆటగాడికి వంగి, ఓడిపోయానని తన నోటితో చెప్పి, ఆ తర్వాతే అంబులెన్సు ఎక్కాడు. ఆ ఆటలో ఓటమి అలా ఒప్పుకుంటేనే పూర్తయినట్టట. అనుష్క ఇక అతన్ని అడగలేదు. నువ్వు రాసినట్టే లాక్కొచ్చేసింది.

నవంబర్లో ఫీనిక్స్‌లో ఆపరేషన్ చేశారు. ఈసారి సర్జన్ వేరే ఆయన, కుర్రవాడు. మనిషిని మెలకువగా ఉంచి చేస్తానన్నాడు. కపాలం తెరిచి, చిన్న కరెంటుతో ఒక్కోచోట ముట్టుకుంటూ, ఇక్కడ తాకితే నీకేం పోతోంది అని అడుగుతూ. అనుష్క షోగి లెక్కలు అట్టలమీద గీసిచ్చింది. రాజుని ఎలా పట్టాలో కనుక్కునే లెక్కలు. నర్సు ఒక్కో అట్టా చూపిస్తుంటే ఇతను పడుకుని జవాబు చెబుతున్నాడు. ఒకచోట ముట్టుకోగానే "బల్ల పోయింది" అన్నాడట. సర్జన్ చెయ్యి తీశాడు. "వచ్చింది" అన్నాడట. ఆ ముక్క వదిలేసి చుట్టూ తీశారు. బయట వరండాలో మా ఆయన నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నారంటే గాజు చిట్లింది.

రాజీ, బల్ల పోలేదు. అదే నీకు చెప్పలేక ఇన్నాళ్ళూ ఆగాను. కట్టు విప్పకముందే, కళ్ళు మూసుకుని, మూలమూలా కనిపిస్తోందని అనుష్కతో చెప్పాడు. అద్దం తుడిచినట్టుందన్నాడు. మరుసటి ఏప్రిల్ దాకా మా దగ్గరే ఉన్నాడు. "అత్తయ్యా" అని పిలవడం నేర్చుకున్నాడు. నారింజపళ్ళు నాకూ ఒలిచి పెట్టేవాడు. తర్వాత టోక్యో వెళ్ళి ఆడాడు. అతను ఎప్పుడూ అలా ఆడలేదని వాళ్ళ గురువు గారు అనుష్కతో అన్నారట. 2012 మార్చిలో పై తరగతికి వెళ్ళాడు. ఆ పదిమందిలో ఒకడు. చేపల దుకాణం మూసి వాళ్ళ నాన్న రైలెక్కి వచ్చాడట.

మే నెల స్కానులో అది మారిపోయిందని తెలిసింది. ఆపరేషన్ అప్పటికే ఒక పక్క మారడం మొదలైందని, వదిలేసిన ముక్కలోంచి వచ్చిందని చెప్పారు. నేనా కుర్ర డాక్టర్ని పట్టుకుని అడిగాను. ఆపరేషన్‌కి మూడేళ్ళ ముందు, మొదట చూసినప్పుడే తీసుంటే? ఆయన తప్పించుకోబోయాడు. నేను వదల్లేదు. "ప్రాబబ్లీ ఎ లాట్ మోర్ టైమ్, మా'మ్. మేబీ మెనీ ఇయర్స్," అన్నాడు. మెలకువగా ఉంచి చేసే పద్ధతి అప్పటికే కొన్నిచోట్ల ఉందట. నీకు తెలిసి ఉండదు. తెలిసీ చెప్పలేదని మాత్రం నేను అనుకోను.

అంటే నేను చెప్పమన్నది అబద్ధం కాదు. మనిద్దరికీ అబద్ధమని అనిపించిందంతే. ఆటకేం కాదని నువ్వు ఆ రోజు అనుంటే, అది నిజమయ్యేది. అతనిప్పుడు పెరట్లో ఉండేవాడేమో.

పై తరగతిలో అయిదు ఆటలు ఆడాడు. చివరిది అక్టోబర్లో. అప్పటికి మళ్ళీ ఎడమవైపు పోయింది. చాలాసేపు ఆలోచించి ఓడిపోయానని వంగాడు. ఆట అయ్యాక ఇద్దరూ కూర్చుని ఎక్కడ ఏం జరిగిందో మళ్ళీ పేర్చి చూసుకోవడం వాళ్ళ పద్ధతి. ఎదుటాయన పెద్దవాడు, పావు తీసుకుని ఎడమ మూలలో పెట్టి చూపించాడట. అక్కడ పెట్టి ఉంటే నువ్వే గెలిచేవాడివని. ఆయన తల ఎత్తలేకపోయాడట. నవోకి "అవును, మంచి ఎత్తు" అన్నాడని అనుష్క చెప్పింది.

జనవరిలో, మాట బాగా ఉన్న ఒకరోజు, నేనే నీ మాట తెచ్చాను. ఆ రోజు ఆమె అబద్ధం చెప్పాల్సింది, నేను చెప్పమన్నాను కూడా అని. నాకు తెలుసు అన్నాడు. అప్పుడే తెలుసట. "మీరు కిటికీలోంచి చూస్తున్న చూపులో తెలిసింది. ఆంటీ ఆటకేం కాదు అని ఉంటే నేను నమ్మేవాణ్ణి కాదు. ఆపరేషన్ చేయించుకునేవాణ్ణి కాదు. స్కానుల సంగతి ఆమె చెప్పింది విననిది నేను. అది నా ఎత్తు," అన్నాడు.

నన్ను ఓదార్చడానికన్నాడో, నిజంగా అన్నాడో నాకు తెలియదు. ఒక పూట నమ్ముతాను. ఇంకో పూట, అబద్ధం ఒప్పేలా చెప్పగలిగే మనిషివి నువ్వు, చెప్పి ఉంటే నమ్మేవాడే అనిపిస్తుంది. ఏది నిజమో చెప్పేవాడు లేడు.

అనుష్క ఇక్కడే ఉంది. పొద్దున్నే లేచి కాఫీ తాగుతుంది, కప్పు కడుగుతుంది, మళ్ళీ పడుకుంటుంది. మా ఆయన నవోకి ఆట బల్ల ముందు ఒక్కరే కూర్చుంటున్నారు, పావులు మాత్రం ముట్టుకోరు. నాకు మాట్లాడ్డానికి ఈ ఊళ్ళో చాలామందే ఉన్నారు. నీతో తప్ప ఎవరితోనూ మాట్లాడాలని లేదు. నీమీద కోపం పోలేదు. పోయాక రాద్దామంటే నాకంత వయసు మిగిలి లేదు.

భాను

*

మోరిస్‌విల్,
మే 6, 2013

భానూ,

నీ ఉత్తరం డ్రైవ్‌వేలో కార్లోనే కూర్చుని చదివాను. దిగి ఇంట్లోకి వెళ్ళేసరికి మధ్యాహ్నం అయింది.

నువ్వు రాసిన దాంట్లో కాదనగలిగిన వాక్యం నాకొక్కటీ కనిపించలేదు. అతను అన్నాడని నువ్వు రాసినది కూడా నాకు ఊరటగా వాడుకోను. అది నీకు చెప్పిన మాట, నీ దగ్గరే ఉంచుకో.

శనివారం ఫ్లైట్‌కి వస్తున్నాను. ధర్మారావు గారిని డ్రైవ్ చెయ్యనివ్వకు, టాక్సీలో వస్తాను. తిరుగు టికెట్ తీసుకోలేదు. అనుష్క పొద్దున్నే తాగే కాఫీ నేను కలిపిస్తాను, పక్కన కూర్చుంటాను. అంతకంటే వైద్యం నాకు రాదు.

నీకు తెలియని సంగతి ఒకటుంది. ఏడాదిగా నాకు చెవులు బొత్తిగా వినిపించడం లేదు. మిషన్ పెట్టినా లాభం లేకపోయింది. మనిషి పెదాలు చూసి అర్థం చేసుకుంటున్నాను. కాబట్టి నన్ను ఏమనాలనుకున్నా ఎదురుగా కూర్చుని, మొహం నావైపు ఉంచి అను. ఎంతసేపైనా సరే, అంతా అను. మధ్యలో తల పక్కకి మాత్రం తిప్పుకోకు, నాకు అందదు.

నీ
రాజీ